దసరా నుంచి కదలని ఘోడా

తుపాకీలో కొబ్బరినీళ్ళు పోసేవాడంటే నాకు రోత. పూజ చెయ్యొద్దని నేననను. బొట్టు పెట్టుకో, దండ వెయ్యి, హారతివ్వు. మా అబ్బా కూడా పొద్దున్నే కొట్టు తెరిచి, పనిముట్లు కళ్ళకద్దుకోకుండా కుర్చీలో కూర్చునేవాడు కాదు. కానీ బొట్టు పైన పెట్టాలి, లోపల పొయ్యకూడదు. ఈ ముక్క జిల్లాలో ఆసాములందరికీ నలభై ఏళ్ళుగా చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

నన్ను బడే మియా అంటారు. విజయవాడ వన్ టౌన్‌లో తుపాకులు బాగుచేసే కొట్టు నాది, సర్కారు లైసెన్సుతో. ఆ ఏడు తొంభై తొమ్మిది. ఎన్నికలైపోయి, స్టేషన్లలో అప్పజెప్పిన తుపాకులు ఎవరివి వాళ్ళకి తిరిగొచ్చాయి. వెనకాలే దసరా వచ్చి వెళ్ళింది. ఏటా దసరా వెళ్ళాకే నా కొట్టుకి ఈ రోత మొదలవుతుంది.

నవంబరులో ఒక బుధవారం, మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చి కూర్చున్నానో లేదో, ఉయ్యూరు అవతలి నుంచి పూర్ణచంద్రరావు గారు కారు దిగారు. నలభై ఎకరాల చెరుకు ఆసామి. చేతిసంచీలోంచి తువ్వాలు మూట తీసి నా బల్ల మీద ధన్‌మని పెట్టారు.

"బడే మియా, సాయంత్రానికల్లా ఇది పనిచెయ్యాలయ్యా. ఎంతైనా ఫర్వాలేదు."

మూట విప్పితే పాతకాలపు రివాల్వర్, వాళ్ళ నాన్నగారి నాటిది. గొట్టం తిన్నగా నా పొట్టకేసి చూస్తోంది. ముందు దాన్ని, పొరపాటున పేలినా తూటాని మింగేసే ఇసక పెట్టెవైపు తిప్పాను.

"ఖాళీయేనా?"

"ఏమో. నాన్నగారు పెట్టిన తూటాలే ఉంటాయి. ఆయన పోయాక నేను విప్పలేదు."

"ఆయన పోయి ఎన్నేళ్ళయింది?"

"పద్నాలుగు."

"మొన్న ఎన్నికలకి స్టేషన్లో ఇచ్చారు కదండీ, అక్కడా ఎవరూ చూడలేదా?"

"వాళ్ళకేం పని? చీటీ కట్టి బీరువాలో పడేశారు."

యా అల్లా! పద్నాలుగేళ్ళుగా తూటాలు నింపిన తుపాకీని దేవుడి గదిలో పెట్టి, ఇంటిల్లిపాదీ దాని ఎదురుగా కూర్చుని దండాలు పెట్టారన్నమాట. ఈ మనిషికి లైసెన్సు, నాకేమో మార్చి వచ్చిందంటే రెన్యువల్ కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుడు.

నా కొట్టులో ఒక పద్ధతుంది. తుపాకీ మీద చెయ్యి వెయ్యకముందే అది ఎలా వచ్చిందో పుస్తకంలో రాసి ఓనరు చేత సంతకం పెట్టిస్తాను. బాగున్న తుపాకీని నువ్వే పాడుచేశావని ఒకాయన మా అబ్బాని కోర్టుకి ఈడ్చాడు, అప్పట్నుంచీ ఉన్న అలవాటు. పై కాయితం ఓనరుకి, కింద కార్బన్ కాపీ పుస్తకానికి. రావుగారు చెబుతుంటే రాశాను: "ఘోడా కదలదు. చర్ఖీ తిరగదు. దసరా పూజనాటి నుంచి ఇంతేనని ఓనరు చెప్పారు." ఘోడా అంటే తూటా వీపున కొట్టే సుత్తి. చర్ఖీ అంటే ఆరు తూటాలూ ఉండే చక్రం. ఆయన చదవనైనా చదవలేదు, కూల్‌డ్రింకు తెప్పించమంటూ సంతకం గీకేశారు.

ఇక పనిలో పడ్డాను. బొటనవేలితో ఘోడాని వెనక్కి లాగితే రాయిలా ఉంది. ట్రిగ్గర్ నొక్కితే అది ఎక్కడిదక్కడే ఉంది. ఇలా బిగుసుకోవడానికి కారణాలు నాలుగైదు ఉంటాయి. తూటా వెనక్కి పొడుచుకొచ్చి చర్ఖీని ఆపచ్చు. లోపల స్ప్రింగు విరగచ్చు. ఇరుసు తుప్పు పట్టచ్చు. పల్చటి కాయితం ముక్క ఒకటి చర్ఖీకీ వెనక పలకకీ మధ్య దూర్చి చూశాను. సగం వెళ్ళి ఆగింది. లాగి చూస్తే కాయితం అంచు పచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పసుపు కంపు, దాని వెనక పుల్లగా ఇంకేదో.

"లోపల ఏం పోశారండీ?"

"ఏముందయ్యా, మామూలే. పసుపూ కుంకమా, గంధం. కొబ్బరికాయ దాని మీదే కొట్టాం. మా డ్రైవరు నిమ్మకాయ కూడా కోసి పిండాడు, ఆటోనగర్‌లో లారీలకి దిష్టి తీస్తారే, అట్లా."

"ఉక్కు మీద నిమ్మరసమా?"

"దిష్టి పోవద్దూ?"

దిష్టి పోయిందో లేదో గానీ తుపాకీ పోయింది. ఇరుసు చుట్టూ కిరసనాయిలు చుక్కలు వేసి అరగంట నాననిచ్చాను. చెక్క సుత్తితో మెల్లగా తట్టాను. ఘోడా వెంట్రుకవాసి లేచింది. ఇరుసు సగం లాగాను, మళ్ళీ కిరసనాయిలు, మళ్ళీ తట్టడం. చివరికి చర్ఖీ పక్కకి ఊడి నా చేతిలో పడింది. ముందువైపు నుంచి చెక్క పుల్లతో తూటాల్ని ఒక్కొక్కటే తోశాను. ఆరుకి ఆరూ చిలుం పట్టి ఉన్నాయి. భూతద్దం పెట్టి వాటి వీపులు చూశాను. ఘోడా ఒక్కసారి పడినా అక్కడ సొట్ట పడుతుంది. ఒక్కదాని మీదా ఏ గుర్తూ లేదు. తూటాలుంటే అవీ రాయాలి కాబట్టి అదే పేజీలో రాశాను: "తూటాలు ఆరు. దెబ్బ గుర్తులు లేవు." దాని కిందా రావుగారు సంతకం పెట్టారు. ఆయన దృష్టంతా గడియారం మీదే ఉంది.

పిడి చెక్కలు విప్పాను. ఛీ! నలభై ఏళ్ళలో చాలా చూశాను గానీ ఇంత రోత ఎన్నడూ చూడలేదు. పసుపు, కుంకం, కొబ్బరినీళ్ళు కలిసి గడ్డకట్టి, సందులన్నీ అట్టలు కట్టేశాయి. అందులో బంతిపూల రెక్కలు, కర్పూరం ముక్కలు, చచ్చిన బొద్దింక, దాని గుడ్లు. నిమ్మరసం పడ్డచోటల్లా ఉక్కు పుండులా పుచ్చింది. ట్రిగ్గర్ కింద ఉండే రెండు కాళ్ళ స్ప్రింగుకి ఒక కాలు విరిగింది. అదంతా పుల్లతో గీకి, తీసింది తీసినట్టు కాయితంలో పెట్టాను. తీసిన చెత్త చూపించకపోతే రిపేరు చేశామని ఎవరూ నమ్మరు, అదొకటి.

ఆ గీకుడు మధ్యలో మెట్ల మీదకి ఒకావిడ వచ్చి నిలబడింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. చీర చెంగు తల మీద కప్పుకుని, చెప్పులు కింద విడిచి, రొప్పుతోంది.

"అయ్యగారండీ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క మాట చెప్పి మా ఆయన్ని ఇప్పించండయ్యా."

రావుగారి మొహం మాడిపోయింది. "నువ్వు ఇక్కడికి కూడా తయారయ్యావూ? ఎవరు చెప్పారే నీకు?"

"డ్రైవరు వాళ్ళింట్లో చెప్పి బయల్దేరాడండి. బస్సెక్కి వచ్చానండి. రెండు రోజుల నుంచీ స్టేషన్లో కూర్చోబెట్టారు, అన్నం కూడా లోపలికి పోనివ్వట్లేదండయ్యా."

"పో అవతలికి! మెట్లు దిగు!"

ఆమె దిగలేదు. కింది మెట్టు మీద కూలబడింది. నేను గ్లాసుతో మంచినీళ్ళు ఇస్తే రెండు చేతులతో పట్టుకుంది. పేరడిగితే సువార్తమ్మ అంది. సొలొమోను పెళ్ళాన్నంది. సొలొమోను రావుగారి చెరుకు తోట కాపలా మనిషి.

"ఏంటండీ ఇది?" అని రావుగార్ని అడిగాను.

ఆయన కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నారు. గొంతు తగ్గిద్దామన్న ఇంగితం కూడా లేదు. "నువ్వు మనవాడివి కాబట్టి చెబుతున్నా. వీళ్ళాయన సొలొమోను గాడు సోమవారం నా గదిలో జొరబడి, ఈ రివాల్వర్ తీసి, నా గుండెకి గురిపెట్టి మూడుసార్లు నొక్కాడు. టక్, టక్, టక్. పేలలేదు. అమ్మవారు కాపాడింది. ఇదీ కంప్లైంటు. టక్, టక్ కూడా నేనే రాయించా. ఎస్సై మనవాడే. కానీ పనిచెయ్యని తుపాకీతో హత్యాయత్నమేంటి, కోర్టులో నవ్విపోతారు, ముందు బాగుచేయించి తెండి, ఆ తర్వాతే కేసు రాస్తానన్నాడు. అదీ సంగతి."

నా చేతిలో పుల్ల ఆగిపోయింది. ఎదురుగా పళ్ళెంలో ఘోడా ఉంది, దసరా నుంచి కదలని ఘోడా. పక్కన ఆరు తూటాలు, సొట్టన్నది ఎరగనివి. ఈ మనిషి తన తుపాకీ దసరా నుంచి కదలడం లేదని గంట కిందట నాకే చెప్పి, ఇప్పుడు అదే నోటితో అది టక్కు టక్కుమందంటున్నాడు. సిగ్గు లేదా అని అడగడానికి కూడా సిగ్గేసింది.

"ఎందుకండీ వాడి మీద?"

"చెరుకు పక్కన పోరంబోకు చెక్క ఒకటుందిలే. జన్మభూమి సభలో లేచి నిలబడి దానికి పట్టా కావాలని అడిగాడు, కలెక్టరు ముందు! నా ఉప్పు తింటూ!"

"ఇరవై ఏళ్ళుగా అక్కడే గుడిసేసుకుని ఉన్నామండీ," అంది సువార్తమ్మ మెట్టు మీద నుంచే.

నేను నోరు మూసుకుని పని చేసుకుపోయి ఉంటే బాగుండేది. నా బుద్ధి తెలిసిందే కదా, కోపం వస్తే చేతులు ఇంకా వేగంగా నడుస్తాయి. అట్టలన్నీ కడిగాను. తుప్పు పాలిష్ కాయితంతో రుద్దాను. పాత స్ప్రింగుల డబ్బాలోంచి ఒకటి తీసి ఆకురాయితో అరగదీసి కూర్చోబెట్టాను. నూనె రెండంటే రెండు చుక్కలు. బిగించి ఘోడా లాగితే, వెనక్కొచ్చే దారిలో నాలుగు మెట్లూ టిక్కుటిక్కుమని పలికి గడియారంలా నిలిచింది. అంత చక్కటి పని చేసినందుకు నా మీద నాకే అసహ్యం పుట్టింది.

ఖాళీ తుపాకీ, ఘోడా దించి, ఆయన చేతిలో పెట్టాను. "రావుగారూ, సొలొమోను ఎలా నొక్కాడో ఒక్కసారి ఆ గోడకేసి చూపించండి."

ఆయన లేచి నిలబడి, సినిమాలో పోలీసులా చెయ్యి చాచి నొక్కారు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కారు. చప్పుడు లేదు. మూడోసారి రెండు చేతులతో, పళ్ళు బిగబట్టి నొక్కారు.

"ఏంటయ్యా ఇది? ఇంకా జామే! ఇంతసేపు ఏం చేశావు?"

ఇక ఆగలేకపోయాను. "జామ్ కాదు, మీ బొంద! సింగిల్ యాక్షనండీ ఇది. ఒక్కో దెబ్బకీ ముందు బొటనవేలితో ఘోడా వెనక్కి లాగాలి, అప్పుడే ట్రిగ్గర్‌కి పని. ఊరికే నొక్కితే జన్మలో టక్కుమనదు. పద్నాలుగేళ్ళు పూజలు చేశారు, ఇది కూడా తెలీదా? ఎవడో నొక్కాడట, టక్కు టక్కుమన్నదట! ఇదిగో, ఇలా!" అని ఆయన చేతిలోంచి లాక్కుని, ఘోడా లాగి చూపించాను. గోడకేసి గురిపెట్టి నొక్కాను. టక్. మళ్ళీ లాగాను, మళ్ళీ టక్.

మొహం మీద ఉమ్మేసినంత పనయింది కదా, తలదించుకుంటాడనుకున్నాను. రావుగారి మొహం వెలిగిపోయింది.

"ఓహో! బొటనవేలితో లాగాలా? ఏదీ, ఇలా ఇవ్వు." లాగి నొక్కారు. టక్. పిల్లాడిలా నవ్వారు. "భలే చెప్పావు బడే మియా! లేకపోతే లాయరు అక్కడే పట్టుకునేవాడు. ప్రతిసారీ బొటనవేలితో లాగి నొక్కాడని మార్పిస్తా. మూడుసార్లు లాగాడంటే చంపాలనే కసి ఇంకా బాగా తెలుస్తుంది కూడాను. ఉండు, ఎస్సైకి ఫోన్ చేసొస్తా." రివాల్వర్ నా బల్ల మీద పెట్టి, ఎదురు వరసలో ఎస్టీడీ బూత్‌కి పరుగులాంటి నడకతో వెళ్ళారు. అద్దాల్లోంచి కనిపిస్తూనే ఉన్నారు. బొటనవేలు గాలిలో వంచి వంచి చెబుతున్నారు.

తౌబా, తౌబా! నా నాలుక కొయ్య! వాడి అబద్ధానికి ఒక కాలు విరిగి ఉంటే, నేనే కూర్చుని కొత్త కాలు బిగించాను. స్ప్రింగుకి బిగించినట్టే.

సువార్తమ్మ గ్లాసు మెట్టు మీద పెట్టింది. ఏడవడం లేదు. నాకేసి చూసి, "ఆయనకి నేర్పింది మీరే కదండీ సాయిబుగారూ," అంది. అరవలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండుననిపించింది.

"కావాలని చెప్పలేదమ్మా. కోపంలో వచ్చేసింది."

"మీకు కోపం వచ్చింది, చెప్పేశారు. రేపు మా ఆయన్ని కోర్టులో పెట్టి జైలుకి పంపుతారంటండి. ఉయ్యూరులో వకీలు గారిని అడిగితే, నీ మాట ఎవరు నమ్ముతారమ్మా, సాక్షి ఎవరైనా ఉంటే సాయంత్రం లోపల తీసుకురా అన్నారండి. నాకెవరున్నారండి?"

ఘోడా పడి ఉంటే తూటాల మీద సొట్టలుండాలన్న సంగతి మాత్రం ఇంకా రావుగారికి చెప్పలేదు, అదొక్కటే మిగిలింది.

రావుగారు తిరిగొచ్చారు, చెమట తుడుచుకుంటూ, సంతోషంగా. "అంతా అయిపోయింది. ఇంక చిన్న పని. దసరాకి ముందే నీ దగ్గర సర్వీసింగ్ చేయించానని, కండిషన్ బాగుందని ఒక చీటీ రాసివ్వు. ఇందాకటి కాయితం ఏదీ?" పుస్తకంలోంచి పై కాయితం తనే చింపుకుని, నలిపి జేబులో కుక్కుకున్నారు. "ఆ కింది కార్బన్ కూడా తీసెయ్యి."

"అది తియ్యడానికి లేదండి. కలెక్టరాఫీసు వాళ్ళు నంబర్లు చూస్తారు."

ఆయన నవ్వారు. "మా బావమరిదికి తీశావుగా!"

ఆ మాట నాకు చెప్పుదెబ్బలా తగిలింది. నిజమే. రెండు నెలల కిందట, ఎన్నికలప్పుడు, ఆయన బావమరిది తుపాకీ స్టేషన్లో అప్పజెప్పకుండా ఉండటానికి, రిపేరుకని నా దగ్గరే ఉందని దొంగ చీటీ రాశాను. నా పుస్తకం ప్రకారం అది నా బీరువాలో ఉంది. అసలుది పోలింగు రోజున జీపులో తిరిగి, ఒక పేటలో జనాన్ని ఇళ్ళు దాటనివ్వలేదు. ఎవరికీ ఏం కాలేదులే అనుకుని, తర్వాత ఆ కాపీ కూడా చింపేశాను. ఈయన నన్ను మనవాడు అనడానికి కారణం అదే. కొబ్బరినీళ్ళు పోసినవాళ్ళని తిడుతూ కూర్చున్నానే, నా లోపల పేరుకున్నది నేనెప్పుడు చూసుకున్నాను?

"ఏంటి ఆలోచిస్తున్నావు? మార్చిలో నీ రెన్యువల్‌కి స్టేషన్ రిపోర్టు కావాలి కదా. మన ఎస్సై ఒక్క మాట మీ స్టేషనుకి చెబితే చాలు, అటైనా ఇటైనా."

పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. రివాల్వర్, తూటాలు తువ్వాల్లో చుట్టి ఆయన చేతిలో పెట్టాను. "మీ వస్తువు మీరు తీసుకెళ్ళండి. కూలి వద్దు. ఆ కాయితం చింపను. కొత్తది రాయను."

"పిచ్చెక్కిందా? దాని కోసమా?" అని మెట్టువైపు చెయ్యి చూపించారు.

"మీ మొహం చూస్తే నాకు వాంతి వచ్చేట్టుంది, వెళ్ళండి రావుగారూ."

నోటికొచ్చిందల్లా తిట్టారు. నా జాతినీ, మా అబ్బానీ, అన్నిటినీ. ఈ కొట్టు మార్చి దాటదన్నారు. పుస్తకం కోసం చెయ్యి చాపారు గానీ, నా చేతిలో ఆకురాయి చూసి ఆగారు. కారు తలుపు వీధి అదిరేట్టు వేసుకుని వెళ్ళిపోయారు.

కార్బన్ కాపీని పుస్తకంతో సహా ఖద్దరు సంచీలో పెట్టాను. పసుపు అట్టలు, బొద్దింక, విరిగిన స్ప్రింగు ఉన్న పొట్లం కూడా పెట్టాను. సువార్తమ్మ లేచి నిలబడింది.

"ఏం రాసుందండి అందులో? నాకు చదువు రాదు."

చదివి వినిపించాను. ఘోడా కదలదు, దసరా పూజనాటి నుంచి ఇంతేనని ఓనరు చెప్పారు. తూటాలు ఆరు, దెబ్బ గుర్తులు లేవు. కింద ఇవాళ్టి తేదీ, ఆయన రెండు సంతకాలు, కార్బన్‌లో పడ్డా కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయి.

"మరి కాయితం మాట్లాడుతుందాండీ కోర్టులో?" అని అడిగింది.

"మాట్లాడదు."

"మిమ్మల్ని ఆ బావమరిది గారి కాయితం సంగతి కూడా అడుగుతారేమోనండి. ఆయన ఊరుకోడు కదా."

అడగక ఊరుకుంటారా? ముందదే అడుగుతారు. రావుగారే అడిగిస్తారు. నా లైసెన్సు మార్చి దాకా కూడా ఆగదు. అన్నీ తెలిసే టోపీ సర్దుకున్నాను, కొట్టు షట్టరు దించి తాళం వేశాను. మా ఇంటికి కబురు చెయ్యమని పక్క కొట్టు కరిముల్లాతో చెప్పాను. ఎక్కడికని అడిగితే, ఒక తుపాకీ సంగతి అన్నాను.

బస్‌స్టాండు దాకా నడిచాం. బస్సులో ఆమె ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. అడుగుతారు కదా, అడగనీ, అన్నీ చెబుతాను, నాదీ చెబుతాను అనుకున్నాను. గోళ్ళలో పసుపు ఇంకా అలాగే ఉంది. కండక్టరు వచ్చాడు.

"రెండు ఉయ్యూరు," అన్నాను.